ఎమిరా తర్వాత వచ్చే లోటస్‌లో ఏ ఇంజన్ పెడతారు?

నెల్లూరు_గేర్:

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు, పొదలకూరు రోడ్డు. ఉద్యోగం చెన్నై దగ్గర ఒరగడం ఊళ్లో, కార్ల విడిభాగాల కంపెనీలో. మా స్నేహితుల వాట్సాప్ గ్రూపులో మొదలైన గొడవ ఇది. అక్కడ ఎటూ తేలేట్టు లేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా.

బ్రిటన్ స్పోర్ట్స్ కార్ల కంపెనీ లోటస్, వాళ్ల ఎమిరా సంగతి మీకు తెలిసిందే. 2021 జూలైలో చూపించినప్పుడు ఇదే మా చివరి పెట్రోలు కారు అని గట్టిగా చెప్పారు. అందులో రెండు ఇంజన్లు ఇచ్చారు. ఒకటి టొయోటా వాళ్ల 3.5 లీటర్ల వీ6, పైన సూపర్‌ఛార్జర్, 400 హార్స్‌పవర్, కావాలంటే మాన్యువల్ గేరు. రెండోది మెర్సిడెస్ ఏఎంజీ వాళ్ల 2 లీటర్ల నాలుగు సిలిండర్ల టర్బో, 8 గేర్ల డ్యూయల్ క్లచ్, అంటే రెండు క్లచ్‌లతో గేర్లు వాటంతటవే మారే గేర్‌బాక్సు. తర్వాత ఏమైందో చూశాం. ఎలక్ట్రిక్ కార్ల ఊపు అనుకున్నంత లేదు, అన్నీ ఎలక్ట్రిక్కే చేస్తామన్న మాట వెనక్కి తీసుకుని ఇప్పుడు హైబ్రిడ్ అంటున్నారు. అంటే పెట్రోలు ఇంజన్‌కి ఇంకా నూకలున్నాయి. అది ఎవరి ఇంజన్ అన్నదే నా ప్రశ్న.

మా గ్రూపులో ఒకడు టొయోటా వీ6కే మోటార్ తగిలించి నడిపిస్తారంటాడు. ఇంకొకడు ఏఎంజీ తప్ప వేరే దారి లేదంటాడు. నాకు మాత్రం చైనా కార్ల కంపెనీ గీలీ మీద అనుమానం. 2017లో లోటస్‌లో 51 శాతం కొన్నది గీలీయే కదా, సొంత ఇంజన్లు పెట్టుకుని ఊరోళ్ల ఇంజన్లకి డబ్బులెందుకు కడతారు? ఎవరికైనా సరైన కారణాలతో ఒక అంచనా ఉంటే చెప్పండి. "సౌండ్ బాగుంటుంది కాబట్టి వీ6" లాంటి కారణాలు వద్దు, అవి మా గ్రూపులోనే బోలెడు.

మాగుంట_లేఅవుట్:

ఇంజన్ సంగతి తర్వాత చూద్దాం గానీ అబ్బయా, ఆ కారు మన మినీ బైపాస్‌లో స్పీడ్‌బ్రేకర్ ఎక్కుద్దా? ఎమిరా ఇక్కడికి వచ్చేసరికి ధర 3 కోట్ల 22 లక్షలని చదివా, అదీ ఆన్‌రోడ్ కాదు. కింద కార్బన్ ముక్క గీసుకుంటే దాని ఖరీదులో నాకొక స్కూటర్ వస్తుంది.

ఒక్కటి మాత్రం నిజంగానే అడుగుతున్నా. 2025 జూలైలో బ్రిటన్‌తో వాణిజ్య ఒప్పందం అయింది కదా, 100 శాతం పైనున్న సుంకం మెల్లమెల్లగా 10 శాతానికి వస్తుందన్నారు. అప్పుడు చిన్న ఇంజన్ కారుకీ పెద్ద ఇంజన్ కారుకీ తేడా ఏమన్నా ఉంటుందా?

కందుకూరు_కుర్రోడు:

సుంకం తగ్గేది కోటా వరకే అన్నా, పైగా ఇంజన్ సైజును బట్టి వేరువేరు కోటాలు, వేరువేరు రేట్లు. కొనేవాళ్లు చూసుకుంటార్లే, మనకెందుకు.

అసలు ప్రశ్నకి నా ఓటు బీఎండబ్ల్యూ బీ58. 3 లీటర్లు, ఆరు సిలిండర్లు వరసగా, టర్బో. బ్లాకు ఎంత గట్టిదంటే ట్యూనింగ్ చేసేవాళ్లు దాన్ని వదిలిపెట్టరు. బ్రిటిష్ వాళ్లకి కొత్త కూడా కాదు. మోర్గన్ 2019లో ప్లస్ సిక్స్‌లో పెట్టింది, 2025లో వచ్చిన సూపర్‌స్పోర్ట్‌లోనూ అదే. ఇనియోస్ గ్రెనడియర్‌లో అదే. టొయోటా అంతటిదే సుప్రా కోసం బీఎండబ్ల్యూ దగ్గరికి పోయింది. పొగ పరీక్షలన్నీ పాసైన ఇంజన్, బోలెడన్ని తయారవుతున్నాయి, స్పేర్లకి లోటు లేదు. ఇంకేం కావాలి? గీలీ నాలుగు సిలిండర్ల ఇంజన్ పెడితే అది లోటస్ ఎట్లా అవుతుంది, ఎస్‌యూవీ ఇంజన్ పెట్టిన లోటస్ అవుతుంది.

ఆటోనగర్_బోరింగ్:

కందుకూరు తమ్ముడూ, బీ58 మంచి ఇంజనే, కాదన్న వాడు లేడు. కానీ ఎమిరా లాంటి కారులో దాన్ని ఎక్కడ కూర్చోబెడతావో చెప్పు.

నేను నెల్లూరు ఆటోనగర్‌లో బోరింగ్ షాపు నడుపుతా. బోరు పెంచడం, హెడ్ ఫేసింగ్, క్రాంక్ గ్రైండింగ్, లైనర్లు దించడం, ఇదే నా పని. లోటస్ నా షాపుకి రాదు, వస్తుందని ఆశా లేదు. కానీ ఈ కంపెనీ చరిత్ర నాకు పిచ్చి, ఎందుకంటే వీళ్లు డెబ్బై ఏళ్లుగా చేస్తున్నది ఊరోళ్ల ఇంజన్‌తో సొంత కారు కట్టడం. నా లెక్క ఒక్కటే: ఇంజన్ ఊహించాలంటే ముందు గేర్‌బాక్సు ఊహించాలి. అందరూ హార్స్‌పవర్ దగ్గర మొదలుపెడతారు, అక్కడే దారి తప్పుతారు.

జువ్వలదిన్నె హార్బర్‌లో బోటు కట్టించే వాడిని అడిగి చూడండి. లారీ ఇంజన్ ఏదైనా దొరుకుద్ది, దానికి సరిపోయే మెరైన్ గేర్‌బాక్సు చేతికి వచ్చాకే ఇంజన్ బేరం ఆడతాడు. లోటస్ కూడా అంతే.

ఎందుకో చెప్తా. ఎమిరాలో ఇంజన్ సీట్ల వెనకాల, అడ్డంగా ఉంటుంది. డ్రైవరు వెనక గోడకీ వెనక చక్రాల ఇరుసుకీ మధ్య ఉండే జాగా తక్కువ. అందులో ఇంజన్, క్లచ్, గేర్లు, రెండు చక్రాలకీ పవరు పంచే డిఫరెన్షియల్ అన్నీ ఒకే ముద్దగా పట్టాలి. అట్లాంటి ముద్ద ప్రపంచంలో లక్షల్లో తయారయ్యేది ఎక్కడ? ముందు చక్రాలు తిరిగే మామూలు ఫ్యామిలీ కార్లలో. ఆ ముద్దను యథాతథంగా తీసి సీట్ల వెనక పెడితే మీకు మిడ్ ఇంజన్ స్పోర్ట్స్ కారు రెడీ. 1996 ఎలీజ్‌లో రోవర్ కె సిరీస్ అట్లా వచ్చిందే. తర్వాత టొయోటా సెలికా నుంచి 1.8 లీటర్ల 2జడ్‌జడ్ వచ్చింది. 2009 ఎవోరాలో, ఇప్పుడు ఎమిరాలో ఉన్న వీ6 టొయోటా క్యామ్రీ లాంటి పెద్ద సెడాన్లది. ఏఎంజీ ఇంజన్ ఏ45 కారుది. నాలుగింటికీ ఉన్న పోలిక హార్స్‌పవర్ కాదు, నాలుగూ ముందు చక్రాల కార్ల బానెట్ కింద అడ్డంగా పుట్టినవే.

ఇప్పుడు బీ58కి రండి. ఆరు సిలిండర్లు వరసగా, పొడుగ్గా. దాని వెనక గేర్‌బాక్సు నిలువుగా, అక్కడి నుంచి షాఫ్టు వెనక ఇరుసుకి. మోర్గన్‌కి సరిగ్గా సరిపోద్ది, వాళ్లకి పొడుగాటి ముక్కు ఉంది, ఇంజన్ ముందు, తిరిగే చక్రాలు వెనక. సుప్రా, గ్రెనడియర్ కూడా అదే బాపతు. దాన్నే అడ్డంగా తిప్పి సీట్ల వెనక పెట్టాలంటే వెడల్పు చాలదు. నిలువుగా పెట్టాలంటే దానికి తగ్గ ట్రాన్స్‌యాక్సిల్, అంటే గేర్‌బాక్సూ డిఫరెన్షియలూ కలిసిన పెట్టె కావాలి, అట్లాంటిది బీఎండబ్ల్యూ ఏ కారుకీ చేయడం లేదు.

గేర్‌బాక్సు ఎంత పెత్తనం చేస్తుందో చెప్పడానికి లోటస్ ఇంట్లోనే రెండు కథలున్నాయి.

ఒకటి 1966 యూరోపా. లోటస్ పెట్టిన కాలిన్ చాప్‌మన్ రెనో 16 కారు ఇంజన్, గేర్‌బాక్సు కలిపి తీసుకున్నాడు. ఆ రెనోలో గేర్‌బాక్సు ముందు, ఇంజన్ దాని వెనక, తిరిగేది ముందు చక్రాలు. చాప్‌మన్ ఆ మొత్తాన్ని వెనక్కి తిప్పి సీట్ల వెనక పెట్టాడు. అట్లా తిప్పితే ఏమవుద్ది? చక్రాలు రివర్స్‌లో తిరుగుతాయి, ముందుకు పోవడానికి ఒక్క గేరు, వెనక్కి నాలుగు గేర్లు! దానికి మందు డిఫరెన్షియల్‌లో ఉంది. క్రౌన్ వీల్ అనే పెద్ద పళ్ల చక్రాన్ని, దాన్ని తిప్పే చిన్న పినియన్‌కి ఒక పక్క నుంచి తీసి రెండో పక్కకి మార్చారు, తిరిగే దిక్కు మారిపోయింది. పళ్ల సంఖ్య మారలేదు, కొత్త గేరు కోయలేదు. మా షాపులో కుర్రాళ్లకి క్రౌన్ పినియన్ చేతికిచ్చి ఇది చేసి చూపిస్తే నోరెళ్లబెడతారు. ఇంజన్‌లో పెద్ద పవరు లేదు, అయినా అదే తీసుకున్నాడు. గేర్‌బాక్సుతో కలిసొచ్చింది, తేలిగ్గా ఉంది, అందుకని.

రెండోది 1996లో వచ్చిన ఎస్ప్రీ వీ8. అది లోటస్ సొంతంగా కట్టిన ఇంజన్, 3.5 లీటర్లు, రెండు టర్బోలు. 500 హార్స్‌పవర్ దాకా తియ్యగల ఇంజనని అప్పట్లో చెప్పుకున్నారు. కారులో ఇచ్చింది 350. ఎందుకు? దాని వెనక ఉన్నది రెనో వాళ్ల గేర్‌బాక్సు, అంతకు మించి అది ఓర్చుకోలేదు. కోట్లు పోసి వీ8 కట్టి, చివరికి గేర్‌బాక్సు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

అందుకే నేను గీలీ వైపే చూస్తున్నా, నెల్లూరు_గేర్ చెప్పిన కారణం ఒక్కటే కాదు. గీలీ, రెనో కలిసి ఇంజన్ల కోసమే హార్స్ పవర్‌ట్రెయిన్ అని ఒక కంపెనీ పెట్టారు, 2024లో మొదలైంది, ఆఫీసు లండన్‌లోనే, తర్వాత సౌదీ అరామ్‌కో 10 శాతం తీసుకుంది. వోల్వో పెట్రోలు ఇంజన్ల వ్యాపారం కూడా చివరికి ఆ గూటికే చేరింది. వోల్వో 2 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజన్ అడ్డంగా కూర్చునేదే, హైబ్రిడ్ గేర్‌బాక్సులతో పనిచేసిన అనుభవం ఉన్నదే. అంటే ఇంజనూ గేర్‌బాక్సూ మోటారూ కంట్రోల్ బాక్సూ అన్నీ ఒకే ఇంట్లో దొరుకుతాయి. 1966లో చాప్‌మన్ పోయింది రెనో గుమ్మానికే, ఇప్పుడు మళ్లీ సగం రెనోదైన కంపెనీ దగ్గరికే పోతారని నా అంచనా. గుర్తు పెట్టుకోండి, ఇది అంచనానే, లోపలి సమాచారం ఏమీ లేదు నా దగ్గర.

ఇంకొక్క ముక్క, ఇది నా పనికి సంబంధించింది కాబట్టి ఆగలేను. ఎలీజ్‌లో రోవర్ ఇంజన్ మార్చి టొయోటా ఎందుకు పెట్టారంటే చాలామంది హెడ్ గ్యాస్కెట్ అంటారు. అది సగమే. కె సిరీస్‌లో హెడ్డు, బ్లాకు, కింద క్రాంక్‌ని పట్టి ఉంచే బేరింగ్ ల్యాడర్, మూడింటినీ పై నుంచి కింద దాకా పొడుగాటి బోల్టులతో గుచ్చి బిగించారు. తేలికైన ఇంజన్, అద్భుతమైన ఆలోచన. 1.8 లీటర్లకి పెంచినప్పుడు లైనర్లు, అంటే పిస్టన్ ఆడే గొట్టాలు, పల్చబడ్డాయి, అవి బ్లాకులో ఒక మెట్టు మీద కూర్చుంటాయి. ఆ లైనర్ పై అంచు బ్లాకు కంటే వెంట్రుక మందం పైకి ఉండాలి, అప్పుడే గ్యాస్కెట్‌ని గట్టిగా నొక్కుద్ది. మెట్టు కొంచెం అరిగి లైనర్ కిందికి దిగిందా, నొక్కుడు పోయింది, నీళ్లు లీకవడం మొదలు. దానికి తోడు హెడ్డుని చోట్లో నిలిపే డోవెల్స్ అనే పిన్నులు కొన్నాళ్లు ప్లాస్టిక్‌వి పెట్టారు. నీళ్లు తక్కువ పట్టే ఇంజన్, థర్మోస్టాట్ నీళ్లు లోపలికి వచ్చే వైపు, చల్లటి నీళ్లు ఒక్కసారి తగిలితే హెడ్డు కదులుద్ది. లైనర్ మీద డయల్ గేజీ పెట్టి చూడకుండా కొత్త గ్యాస్కెట్ వేసి పంపిస్తే బండి మళ్లీ అదే గుమ్మం ముందుకొస్తుంది, ఇది కె సిరీస్‌కే కాదు, నా షాపుకొచ్చే తడి లైనర్ లారీ ఇంజన్లకీ అంతే.

అయినా లోటస్ మారింది ప్రధానంగా అమెరికా కోసం. ఆ ఇంజన్‌తో అక్కడి పొగ పరీక్షలు దాటడం కుదరదు, టొయోటా ఇంజన్‌కి ఆ పరీక్షలు పాసైన కాగితాలన్నీ సిద్ధంగా ఉన్నాయి. 2004లో టొయోటా ఇంజన్‌తోనే ఎలీజ్ అమెరికాలో అడుగుపెట్టింది. ఆ మరుసటి ఏడు ఏప్రిల్‌లో ఎంజీ రోవర్ కంపెనీయే మూతపడింది. కాబట్టి గేర్‌బాక్సు తర్వాత రెండో ప్రశ్న కాగితాలు. సౌండు, హార్స్‌పవరు, అభిమానుల కన్నీళ్లు, ఇవన్నీ ఆ తర్వాతే.

కందుకూరు_కుర్రోడు:

బాబాయ్, క్రౌన్ వీల్ కథ అదిరింది. కానీ ట్రాన్స్‌యాక్సిల్ దొరకదంటే ఒప్పుకోను. మెక్‌లారెన్ వాళ్లు తమ 12సీ కారుకి ఇటలీ గ్రాజియానో కంపెనీ దగ్గర డ్యూయల్ క్లచ్ చేయించుకున్నారు. ఇంజన్ కూడా రికార్డో వాళ్లతో కట్టించుకున్నారు. డబ్బుంటే గేర్‌బాక్సు అమ్మేవాళ్లకి కొదవ లేదు. లోటస్ మనసు పెడితే నిలువుగా బీ58, వెనక కొన్న ట్రాన్స్‌యాక్సిల్, ఎందుకు కాదు?

ఆటోనగర్_బోరింగ్:

"డబ్బుంటే" అన్నావు చూడు, అక్కడే ఆగు. మెక్‌లారెన్ కారు ధరలో ఆ గేర్‌బాక్సు ఖర్చు ఇమిడిపోద్ది. ఎమిరా ధరలో ఇమడదు.

ఆస్టన్ మార్టిన్ సంగతి చూడు. వాల్‌హల్లా కారు కోసం 2020లో సొంత వీ6 చూపించారు, 3 లీటర్లు, టర్బోలు వీ మధ్యలో, టీఎం01 అని పేరు కూడా పెట్టారు. 1968 తర్వాత మేం సొంతంగా చేసిన మొదటి ఇంజన్ అన్నారు. ఏమైంది? దాన్ని పక్కన పెట్టి ఏఎంజీ 4 లీటర్ల వీ8 పెట్టారు. ఆస్టన్ అంతటి వాళ్లే లెక్కలు చూసుకుని వెనక్కి తగ్గితే, హెథెల్ ఫ్యాక్టరీలో ఇప్పుడున్న పరిస్థితిలో లోటస్ కొత్తది కట్టిస్తుందా?

నారిచ్_కావలి:

హెథెల్ పేరు వచ్చింది కాబట్టి నేనూ ఒక మాట. మాది కావలి, చదువుకోడానికి వచ్చి ఇక్కడ ఇంగ్లండ్‌లో నారిచ్‌లో స్థిరపడ్డాను. లోటస్ ఫ్యాక్టరీ నాకు దగ్గరే. రెండో ప్రపంచ యుద్ధంలో అది అమెరికా బాంబర్ల విమానాశ్రయం, 1966లో లోటస్ అక్కడికి చేరింది, పాత రన్‌వే జాగాలోనే టెస్ట్ ట్రాక్. మన కొరిశపాడు దగ్గర హైవే మీద విమానాలు దించే రోడ్డు వేశారని విన్నప్పుడు నాకు గుర్తొచ్చింది ఇదే, ఇక్కడ రన్‌వే రోడ్డయింది, అక్కడ రోడ్డు రన్‌వే అయింది.

పరిస్థితి మాత్రం బాబాయ్ గారు చెప్పినట్టే ఉంది. 2025 ఆగస్టులో బ్రిటన్‌లో 550 దాకా ఉద్యోగాలు తీసేస్తామని కంపెనీయే ప్రకటించింది. ఇక్కడ ఆ రోజు ఊరంతా అదే మాట. అట్లాంటి కంపెనీ కొత్త ఇంజన్, కొత్త గేర్‌బాక్సు కట్టించే ఖర్చు పెట్టుకోదు.

చట్టం వైపు కూడా కొంచెం చెప్తాను. బ్రిటన్‌లో 2030 నుంచి పూర్తి పెట్రోలు, డీజిల్ కొత్త కార్ల అమ్మకం ఆపేస్తామన్నారు, హైబ్రిడ్లకి 2035 దాకా గడువు. 2025 ఏప్రిల్‌లో ఆస్టన్ మార్టిన్, మెక్‌లారెన్ లాంటి చిన్న తయారీదారులకి మినహాయింపు ఇచ్చారు. ఐరోపాలో యూరో 7 అనే కాలుష్య నిబంధన ఉంది, కొత్త మోడళ్లకి 2026 నవంబరు నుంచి, అమ్ముడయ్యే అన్ని కార్లకీ 2027 నవంబరు నుంచి, తక్కువ సంఖ్యలో చేసేవాళ్లకి ఇంకా గడువుంది. కార్లకి పొగగొట్టం హద్దులు దాదాపు యూరో 6వే, కానీ ఇంకా సన్నటి కణాలు లెక్కలోకి వస్తాయి, బ్రేకుల దుమ్ముకి కూడా హద్దు పెట్టారు, పొగ శుభ్రం చేసే సామాను 10 ఏళ్లు లేదా 2 లక్షల కిలోమీటర్ల దాకా నిలబడాలి. దీన్నిబట్టి నాకు అర్థమయ్యేది, పెట్రోలు ఇంజన్ వెంటనే పోదు, మోటారు తోడు లేకుండా మాత్రం ఉండదు.

ఇంజన్ దొరికితే చాలనుకునే వాళ్లకి టీవీఆర్ అనే ఇంకో బ్రిటిష్ స్పోర్ట్స్ కార్ల కంపెనీ ఒక పాఠం. 2017లో గుడ్‌వుడ్‌లో కొత్త గ్రిఫిత్ చూపించారు. ఫోర్డ్ 5 లీటర్ల వీ8, కాస్‌వర్త్ ట్యూనింగ్, గోర్డన్ మర్రే డిజైన్, ఇంజన్ గురించి అనుమానమే లేదు. అడ్వాన్సులు కట్టిన వాళ్లు ఇప్పటికీ ఎదురుచూస్తూనే ఉన్నారు.

నెల్లూరు_గేర్:

బాబాయ్, కావలి అన్నా, ఇద్దరికీ థాంక్స్. గ్రూపులో స్క్రీన్‌షాట్లు పెట్టా, ఇప్పటికి నోళ్లు మూతపడ్డాయి.

ఇంకో రెండు ప్రశ్నలు. వీ6ని అట్లాగే ఉంచి మోటారు తగిలించడం అసలు కుదరదా? అది పోర్ట్ ఇంజెక్షన్ ఇంజన్ కాబట్టి మసి తక్కువ వస్తుందని మా ఆఫీసులో ఒకాయన అన్నారు. రెండోది, గీలీ ఇంజన్ వస్తే మాన్యువల్ గేరు సంగతేంటి? నాకు అసలు భయం అక్కడే.

ఆటోనగర్_బోరింగ్:

మీ ఆఫీసాయన మాట కరెక్టే. పెట్రోలు వాల్వు వెనక, దారిలోనే కలుస్తుంది కాబట్టి బాగా ఆవిరై లోపలికి పోద్ది. నేరుగా సిలిండర్‌లోకి కొట్టే ఇంజన్లలో పిస్టన్ మీద, గోడల మీద తడి మిగిలి అది మసి అవుద్ది. కానీ ఆ వీ6 వయసు చూడు, ఎవోరా నాటి నుంచి లాక్కొస్తున్నారు. టొయోటా తన మామూలు కార్లలో దాన్ని ఎప్పుడో దాటిపోయింది. లోటస్ ఒక్కదాని కోసం కొత్త పరీక్షలు చేయించి, ఇంజన్ కంప్యూటర్‌కి కొత్త కాలిబ్రేషన్ రాసి ఇచ్చేదెవరు? ఉన్న కాగితాలు చెల్లినన్నాళ్లు తక్కువ సంఖ్యలో నడుస్తుంది, మోటారు తగిలించి కొత్త జన్మ ఇస్తారని నేననుకోను. పైగా మోటారు పెట్టే జాగా ఎక్కడ? ఇంజన్‌కీ గేర్‌బాక్సుకీ మధ్య. మళ్లీ గేర్‌బాక్సు దగ్గరికే వచ్చాం.

ఏఎంజీ నాలుగు సిలిండర్లది కొన్నాళ్లు ఉంటుంది. ఆ ఇంజన్‌ని అఫాల్టర్‌బాఖ్‌లో ఒక్కో మనిషి మొదటి నుంచి చివరి దాకా చేత్తో బిగిస్తాడు, ఆ పద్ధతి మీద నాకు గౌరవం. కానీ అట్లా బిగించిన ఇంజన్ ఖరీదు కూడా అట్లాగే ఉంటుంది, సొంత ఇంట్లో ఇంజన్ ఉన్నవాడు ఎల్లకాలం అది కొనడు.

ఇక మాన్యువల్. నచ్చినా నచ్చకపోయినా చెప్పాలి, పోద్ది. ఈ హైబ్రిడ్ గేర్‌బాక్సుల్లో ఎప్పుడు ఇంజన్, ఎప్పుడు మోటారు, ఏ గేరు అన్నది కంప్యూటర్ నిర్ణయిస్తుంది. కాలితో క్లచ్ తొక్కే మనిషి మధ్యలో ఉంటే ఆ లెక్క కుదరదు. కొందరు చేసి చూపించారు, మాన్యువల్ గేరుతో వచ్చిన హైబ్రిడ్ హోండా సీఆర్‌జడ్ ఉంది, కానీ లోటస్ దానికోసం విడిగా గేర్‌బాక్సు చేయించదు. చేత్తో గేరు వేసే లోటస్ కావాలంటే ఇప్పుడు దొరికే వీ6 ఎమిరాయే. మనలాంటి వాళ్లకి ఆ బాధ లేదు, రెండూ కొనలేం.

నిజంగా తేలికైన బ్రిటిష్ కారు, మాన్యువల్ గేరు కావాలంటే కేటర్‌హామ్ కంపెనీ వైపు చూడు. సెవెన్ 170లో సుజుకి 660 సీసీ మూడు సిలిండర్ల టర్బో, 84 హార్స్‌పవర్, కారు బరువు 440 కిలోలు. అక్కడ కూడా చూశావా, ఇంజన్‌తో పాటు గేర్‌బాక్సూ వెనక ఇరుసూ సుజుకి దగ్గరే తెచ్చుకున్నారు.

కందుకూరు_కుర్రోడు:

వాదనలో బాబాయ్‌తో గెలవలేం గానీ, రోడ్డు మీద నాకు మాత్రం వరస ఆరు సిలిండర్లే కావాలి. మోర్గన్ సూపర్‌స్పోర్ట్ చాలు నాకు, లోటస్ మీరే ఉంచుకోండి.

ఒంగోలు_ఎకో:

మోర్గన్ అంటే గుర్తొచ్చింది. వాళ్ల మూడు చక్రాల సూపర్ 3లో ఉండేది ఫోర్డ్ 1.5 లీటర్ల మూడు సిలిండర్ల ఇంజన్, టర్బో లేనిది. నా 2018 ఎకోస్పోర్ట్ పెట్రోలులో ఉన్నదీ ఆ కుటుంబమే అని ఎక్కడో చదివి మా ఇంట్లో అందరికీ చెప్పుకున్నా. ఎవరూ నమ్మలేదు. నిజమేనా బాబాయ్? ఇంకోటి, 2021లో ఫోర్డ్ ఇక్కడ తయారీ ఆపేస్తున్నామన్నాక బయట సర్వీసు చేయిస్తున్నా. ఆయిల్ ఏదైనా ఒకటేనని ఇక్కడ కర్నూలు రోడ్డులో ఒక మెకానిక్ అన్నాడు. నమ్మొచ్చా?

ఆటోనగర్_బోరింగ్:

నిజమే. ఫోర్డ్ డ్రాగన్ కుటుంబం ఇంజన్. మోర్గన్‌లో 118 హార్స్‌పవర్, గేర్‌బాక్సు మాత్రం మాజ్దా ఎంఎక్స్-5ది. నిలువుగా పెట్టి వెనక చక్రం తిప్పాలి కాబట్టి ఫోర్డ్ గేర్‌బాక్సు పనికిరాలేదు, ఇంకొకరి దగ్గరికి పోవాల్సొచ్చింది. ఇంట్లో వాళ్లకి మోర్గన్ ఫొటో చూపించు, నమ్మినా నమ్మకపోయినా నవ్వుతారు.

ఆయిల్ విషయంలో ఆ మెకానిక్ మాట వినొద్దు. ఆ ఇంజన్‌లో టైమింగ్ బెల్టు బయట పొడిగా ఉండదు, లోపల ఆయిల్‌లో తడుస్తూ తిరుగుద్ది. ఆ రబ్బరుకి పడని ఆయిల్ పోస్తే, లేదా మార్చకుండా ఏళ్లు లాగిస్తే, బెల్టు అంచులు పొట్టు రాలినట్టు రాలతాయి. ఆ ముక్కలు ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే సంపులోకి దిగి ఆయిల్ పీల్చే జాలీని మూసేస్తాయి. ముందు ఆయిల్ లైటు మిణుకుమంటది, పట్టించుకోకపోతే బేరింగులు పట్టేస్తాయి, అప్పుడు క్రాంక్ నా షాపుకొస్తుంది. బండితో ఇచ్చిన పుస్తకంలో గ్రేడుతో పాటు ఫోర్డ్ స్పెసిఫికేషన్ నంబరు ఉంటుంది, డబ్బా మీద ఆ నంబరు ఉన్న ఆయిలే పొయ్యి. ఈసారి ఆయిల్ మార్చేటప్పుడు పాత ఫిల్టర్ కోయించి మడతల్లో నల్లటి రబ్బరు పొడి ఉందేమో చూడు. కనిపిస్తే సంపు దించి జాలీ చూపించి, బెల్టు మార్పించుకో.